తాళం మీద తాళం వేసే ముందు

"షాపు నాది, కిరాయి ఇస్తలేడు, నా తాళం నేనేసుకుంటే తప్పేంది సార్?" అని అడిగే ఓనర్లు మా ఆఫీసుకు వస్తూనే ఉంటారు. తప్పే. షాపు మీ పేరు మీద రిజిస్టరై ఉన్నా, ఆస్తి పన్ను మీరే కడుతున్నా, కిరాయిదారు నెలల తరబడి పైసా ఇవ్వకపోయినా తప్పే. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే చాలా గొడవలు ఇంత ముదరవని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే ఈ పోస్టు.

నేను లాయర్‌ను కాను. హన్మకొండ కోర్టులో ఒక సీనియర్ వకీలు దగ్గర గుమాస్తాను. దావాలు, పిటిషన్లు టైపు చేయడం, ఫైలింగ్ వేయడం, రిటర్న్ అయితే అభ్యంతరాలు సరిచేసి మళ్లీ వేయడం, బత్తా (నోటీసులు పంపడానికి కోర్టులో కట్టే ఫీజు) కట్టడం, వాయిదాలు డైరీలో రాసుకోవడం నా పని. షాపు కిరాయి కేసులు ఓనర్ల తరఫువీ, కిరాయిదార్ల తరఫువీ రెండూ నా చేతుల మీదుగా వెళ్లాయి, కాబట్టి ఒక పక్షాన నిలబడి రాయడం లేదు. ఇక్కడ చెప్పేది తెలంగాణ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే టెనెన్సీ చట్టం చేశారు, అక్కడివాళ్లు రెంట్ కంట్రోల్ గురించి నేను రాసిన భాగాన్ని తమ వకీలును అడిగి సరిచూసుకోవాలి.

ముందు అసలు విషయం. ఆస్తి మీద హక్కు ఎవరిది అనేది ఒక ప్రశ్న, ఇవాళ ఆ షట్టర్ లోపల ఎవరున్నారు అనేది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్నను మన చట్టం విడిగా చూస్తుంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్‌లో సెక్షన్ 6 ఉంది. ఎవరినైనా వాళ్ల ఇష్టం లేకుండా, చట్టప్రకారం కాకుండా స్థిరాస్తి నుంచి వెళ్లగొడితే, 6 నెలల లోపు దావా వేస్తే చాలు, స్వాధీనం తిరిగి ఇప్పించమని అడగొచ్చు. ఆ దావాలో కోర్టు "ఓనర్ ఎవరు" అని చూడదు. నువ్వు లోపల ఉన్నావా, నిన్ను బలవంతంగా బయటికి పంపారా, 6 నెలల లోపు వచ్చావా, ఇంతే. పైగా ఆ తీర్పు మీద అప్పీలు లేదు, రివ్యూ కూడా లేదు, హైకోర్టుకు రివిజన్ మీద పోవాలి తప్ప. ఓనర్ తన హక్కు నిరూపించుకోవాలంటే వేరే దావా వేసుకోవాలి. అంటే తాళం వేసిన ఓనర్ తన సొంత షాపు కోసమే ప్రతివాదిగా నిలబడతాడు, తర్వాత మళ్లీ తానే వాదిగా ఇంకో కేసు మొదలుపెట్టాలి.

సుప్రీంకోర్టు ఈ మాట చాలాసార్లు చెప్పింది. 1967లో లల్లూ యశ్వంత్ సింగ్ కేసులో, 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో, 2003లో రామేగౌడ కేసులో. స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని, అతనికి అక్కడ ఉండే హక్కు లేకపోయినా సరే, కోర్టు ద్వారా తప్ప బయటికి పంపకూడదు అన్నది వాటన్నిటి సారం. మా సార్ ఈ మూడింటి కాపీలు ఒక ఫైలులో పెట్టుకున్నారు, ఇంజంక్షన్ (ఫలానా పని చేయకూడదని కోర్టు ఇచ్చే ఆర్డర్) పిటిషన్ వాదనకు వెళ్లేటప్పుడు ఆ ఫైలు లేకుండా వెళ్లరు.

ఒక కేసు చెబుతాను. లేడీస్ టైలర్ షాపు, ఒకటే షట్టర్. కిరాయి నెలకు 9 వేలు. అగ్రిమెంట్ 11 నెలలది, అది అయిపోయి చాలా కాలమైంది, కొత్తది రాసుకోలేదు, కానీ ప్రతి నెలా కిరాయి ఫోన్‌పేలో వెళ్తూనే ఉంది. ఓనర్ కొడుకు 15 వేలు చేయమన్నాడు. టైలర్ 11 వేల దాకా ఇస్తానన్నాడు. మాటా మాటా పెరిగింది, ఓ రాత్రి టైలర్ షాపు మూసి వెళ్లాక ఓనర్ కొడుకు వచ్చి ఇతని తాళం పక్కనే తన తాళం కూడా వేసి పోయాడు. పెళ్లిళ్ల సీజను. లోపల జనం బట్టలు.

టైలర్ పొద్దున్నే స్టేషన్‌కు పోయాడు. "ఇది సివిల్ మేటర్, కోర్టుకు పోండి" అన్నారు. ఈ మాట విని చాలామంది ఫిర్యాదు ఇవ్వకుండానే తిరిగొచ్చేస్తారు. అలా చేయకండి. పోలీసులు ఏ చర్యా తీసుకోకపోయినా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి, తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఎందుకంటే ఏ తేదీన తాళం పడింది అన్నది రేపు కోర్టులో ప్రాణం లాంటి విషయం, ఆ 6 నెలలు అక్కడి నుంచే లెక్క. తాళం వేసిన షట్టర్ ఫొటో తీసి పెట్టుకోవడం, పక్క షాపువాళ్లలో ఒకరిద్దరు సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకునేలా చూసుకోవడం కూడా ఆ రోజే జరగాలి. వారం పోతే పక్క షాపు ఆయన "నాకెందుకు సార్ ఈ లొల్లి" అంటాడు, అతనిదీ అదే ఓనర్ షట్టర్ అయితే ఇక చెప్పనక్కర్లేదు.

మేం దావాతో పాటు రెండు మధ్యంతర పిటిషన్లు వేశాం. ఒకటి తాళం తీయించమని, రెండోది లోపలి సామాను లిస్టు రాయడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని. కమిషనర్ అంటే పెద్ద అధికారి అనుకుంటారు క్లయింట్లు, కాదు, కోర్టు నియమించే ఒక వకీలే, ఎక్కువగా జూనియర్లు ఉంటారు. రెండు పక్షాల వకీళ్లకు నోటీసు ఇచ్చి, వెళ్లి చూసి, రాసి, ఫొటోలు తీసి రిపోర్టు ఇస్తారు.

ఆ రోజు నేనూ వెళ్లాను. ఓనర్ కొడుకు తాళం చెవితో వచ్చాడు, రాకపోతే తాళం పగలగొట్టడానికి కోర్టు అనుమతి కూడా ఉంది. షట్టర్ లేపగానే మగ్గిపోయిన బట్టల వాసన కొట్టింది. కుట్టు మిషన్లు, ఓవర్‌లాక్ మిషన్, ఇస్త్రీ పెట్టె, దారపు కండెల డబ్బాలు, ఇవన్నీ తొందరగానే రాసేశారు. ఆగిపోయింది జాకెట్ ముక్కల దగ్గర. ఒక్కో జాకెట్ ముక్కకు గుండుసూదితో చిన్న చీటీ గుచ్చి ఉంది, దాని మీద పేరు, కొలతలు, ఇవ్వాల్సిన తేదీ. ఆ తేదీల్లో చాలావరకు అప్పటికే దాటిపోయాయి. కమిషనర్ మేడం ఒక్కో చీటీ చదివి రాయించారు. బయట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నిలబడి "మా బట్టలు మాకు ఇప్పించండి మేడం, వాటితో మీ కేసుకేం పని" అని అడుగుతున్నారు. ఆవిడ "నేను రాయడానికే వచ్చానమ్మా, ఇచ్చే అధికారం నాకు లేదు" అనాల్సి వచ్చింది. కుట్టని పట్టుజాకెట్ ముక్క ఒక్కటి చేతిలో పట్టుకుని, బయట నిలబడ్డ ఒకామె ముఖంలోకి నేను చూడలేకపోయాను.

ఆ రిపోర్టు కోర్టుకు చేరాక అవతలి వకీలే తన క్లయింటుకు గట్టిగా చెప్పినట్టున్నాడు, తాళం తీస్తామని మెమో వేశారు. షాపు తెరుచుకుంది. కానీ కస్టమర్లు సగం మంది తిరిగి రాలేదు.

ఇందులో నన్ను బాధపెట్టే విషయం ఏమిటంటే, ఆ ఓనర్‌కు తాళం వేయాల్సిన అవసరమే లేదు. అతని చేతిలో మంచి దారి ఉంది. ఇక్కడే రెంట్ కంట్రోల్ సంగతి అర్థం చేసుకోవాలి.

మన దగ్గర 1960 నాటి బిల్డింగ్స్ లీజ్, రెంట్ అండ్ ఎవిక్షన్ కంట్రోల్ చట్టం ఉంది. అది కిరాయిదారుకు గట్టి రక్షణ ఇస్తుంది, చట్టంలో రాసిన కారణాల్లో ఏదో ఒకటి రుజువైతే తప్ప ఖాళీ చేయించలేరు. కానీ అన్ని షాపులకూ అది వర్తించదు. 2005 సవరణ తర్వాత సెక్షన్ 32 ప్రకారం, కట్టి 15 ఏళ్లు దాటని బిల్డింగులకు వర్తించదు, మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటినా, మిగతా ఊళ్లలో 2,000 దాటినా వర్తించదు. ఇవాళ మెయిన్ రోడ్డు మీద 3,500కు మడిగె ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి పాత బజారులో తాతల నాటి కిరాయిల మీద నడిచే షాపులు ఆ చట్టం కింద ఉంటాయి, మిగతావి చాలావరకు 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం కిందికి వస్తాయి. గుడి షాపులు, వక్ఫ్ షాపులు, మున్సిపల్ కాంప్లెక్సులది మళ్లీ వేరే లెక్క.

ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం సెక్షన్ 106 కింద నెల నెలా నడిచే కిరాయికి 15 రోజుల నోటీసు చాలు. కారణం చెప్పక్కర్లేదు. నోటీసు గడువు అయ్యాక ఖాళీ చేయకపోతే ఎవిక్షన్ దావా, అంటే ఖాళీ చేయించమని కోర్టును అడిగే దావా. పూర్వం నోటీసులో ఒక రోజు తక్కువైనా, నెలాఖరుతో ముగియకపోయినా దావా కొట్టేసేవాళ్లు, 2002 సవరణతో ఆ బాధ కూడా చాలావరకు పోయింది, దావా వేసేనాటికి 15 రోజులు దాటితే చాలు. టైలర్ షాపు ఓనర్ ఇవ్వాల్సింది ఈ నోటీసు ఒక్కటే.

"సార్, దావా అంటే ఏళ్లు పడుతుంది కదా" అంటారు ఓనర్లు. నిజమే, పడుతుంది. ఆ విసుగు నాకు తెలుసు, నేనే కదా ఆ వాయిదాలన్నీ రాసేది. కానీ ఆ కాలం ఊరికే పోకుండా చూసుకునే దారులు ఉన్నాయి, వాటిని చాలామంది వాడుకోరు. నోటీసు గడువు అయిన రోజు నుంచి పాత కిరాయి కాదు, ఆ ఏరియాలో నడుస్తున్న కిరాయి లెక్కన నష్టపరిహారం అడగొచ్చు, దావాలోనే అడగాలి. కిరాయిదారు తన జవాబులో "అవును నేను కిరాయిదారునే, కిరాయి ఇంత, నోటీసు అందింది" అని ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు మీదనే తీర్పు ఇవ్వమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 12 రూల్ 6 కింద పిటిషన్ వేయొచ్చు, సాక్ష్యాల దాకా లాగక్కర్లేదు. ఓడిపోయిన కిరాయిదారు అప్పీలుకు పోయి స్టే అడిగితే, స్టే కావాలంటే మార్కెట్ కిరాయి కట్టు అని కోర్టు షరతు పెట్టొచ్చని 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ షరతు పడ్డాక వాయిదాలు లాగాలనే సరదా ఎవరికీ ఉండదు.

ఇంకో చిన్న విషయం. నోటీసు ఇవ్వగానే కిరాయిదారు ఇంజంక్షన్‌కు పరుగెత్తుతాడని అనుమానం ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద కేవియట్ (నాకు చెప్పకుండా ఆర్డర్ ఇవ్వొద్దని కోర్టులో ముందే వేసే అర్జీ) వేసుకోండి. 90 రోజులు పనిచేస్తుంది, మీకు చెప్పకుండా మధ్యంతర ఆర్డర్ రాదు. ఖర్చు చాలా తక్కువ.

ఇప్పుడు కిరాయిదార్లకు చెప్పాల్సినవి. నాకు ఎక్కువ భయం వీళ్ల గురించే, ఎందుకంటే ఓనర్ ఓడిపోయినా షాపు ఎక్కడికీ పోదు, కిరాయిదారు ఓడిపోతే బతుకుదెరువే పోతుంది.

100 రూపాయల స్టాంపు పేపర్ మీద 5 ఏళ్లకో, 9 ఏళ్లకో అగ్రిమెంట్ రాసుకుని, రిజిస్ట్రేషన్ చేయించకుండా, దాన్ని నమ్మి లక్షలు పెట్టి ఇంటీరియర్ చేయించుకునే వాళ్లను చూస్తే గుండె జారిపోతుంది. సంవత్సరం దాటే లీజు రిజిస్టర్ చేసి తీరాలి, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం సెక్షన్ 107 అదే చెబుతుంది. రిజిస్టర్ కాని ఆ కాగితం మీద "5 ఏళ్లు" అని ఉన్నా ఆ గడువును కోర్టు లెక్కలోకి తీసుకోదు. మరి నువ్వు అక్రమంగా ఉన్నట్టా అంటే అదీ కాదు, కిరాయి ఇచ్చి పుచ్చుకుంటున్నారు కాబట్టి నెల నెలా కిరాయిదారువే అని 2000లో ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ నెల నెలా అంటే అర్థం ఏమిటి? పైన చెప్పిన 15 రోజుల నోటీసు. గ్లాస్ డోర్లు, ఫాల్స్ సీలింగ్, ఏసీలు, బోర్డు, అన్నీ పెట్టి ఏడాది తిరగకముందే నోటీసు వస్తే "మాకు 5 ఏళ్ల అగ్రిమెంట్ ఉంది సార్" అని ఆ కాగితం పట్టుకుని వస్తారు. దాన్ని చూసి మా సార్ కాసేపు ఏమీ మాట్లాడరు. రిజిస్ట్రేషన్‌కు అయ్యే స్టాంపు డ్యూటీ ఆ ఇంటీరియర్ ఖర్చులో ఏ మూలకు? పెట్టుబడి పెట్టే ముందు రిజిస్టర్ లీజు అడగండి, ఓనర్ వద్దంటే ఊడదీసుకుని పోయే సామాను మాత్రమే పెట్టుకోండి.

11 నెలల అగ్రిమెంట్లు ఊరంతా నడవడానికి కూడా ఇదే కారణం, రిజిస్ట్రేషన్ తప్పించుకోవచ్చని అనుకోవడం. అది అయిపోయాక ఓనర్ కిరాయి తీసుకుంటూ ఉంటే కిరాయిదారీ కొనసాగుతున్నట్టే, "గడువు అయిపోయింది కాబట్టి నువ్వు ఆక్రమణదారువి, తాళం వేస్తా" అనడం కుదరదు.

కిరాయి కట్టిన రుజువు. ఇది వంద సార్లు చెప్పినా తక్కువే. పాత బజారు షాపుల్లో చేతికి డబ్బులు ఇచ్చి, రశీదు అడిగితే "నా మీద నమ్మకం లేదా" అంటారని అడగరు. మూడు తరాలు నమ్మకం మీద నడిచింది నాలుగో తరం ఓనర్ వచ్చేసరికి డిఫాల్ట్ కేసు అవుతుంది. రెంట్ కంట్రోల్ చట్టం కింద వచ్చే షాపుల్లో ఖాళీ చేయించడానికి ఓనర్లు ఎక్కువగా పట్టుకునే కారణం ఇదే, కావాలని కిరాయి ఎగ్గొట్టాడు అని. ఒక్కోసారి ఓనరే కిరాయి తీసుకోవడం మానేస్తాడు, నాలుగైదు నెలలు గడిచాక డిఫాల్ట్ అని పిటిషన్ వేస్తాడు. దీనికి చట్టంలోనే సెక్షన్ 8 మందు పెట్టింది: ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని నోటీసు ఇవ్వాలి, చెప్పకపోతే మనియార్డర్ చేయాలి, అదీ తిరిగొస్తే రెంట్ కంట్రోలర్ (ఈ చట్టం కింద కేసులు వినే అధికారి) దగ్గర డిపాజిట్ చేసుకుంటానని పిటిషన్ వేయాలి. వరస తప్పకుండా చేయాలి, తిరిగొచ్చిన మనియార్డర్ కూపన్ పారేయకూడదు. "వాళ్లే తీసుకోలేదు సార్" అని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? కేసు పడ్డాక కూడా బాకీ అంతా కట్టి, నెల నెలా కడుతూ ఉంటేనే నీ వాదన వింటారు, సెక్షన్ 11. ఒక్క నెల తప్పితే దాని మీద ఓనర్ పిటిషన్ వేస్తాడు, అక్కడితో ఆటకట్టు.

కొత్త షాపులకు ఈ పద్ధతి వర్తించకపోయినా బ్యాంకులో వేసి మెసేజ్ దాచుకోవడం మంచిది. ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు, ఈ మూడింటి మీదా షాపు అడ్రస్, మీ పేరు ఉండేలా చూసుకోండి. తాళం పడ్డ రోజు "ఇతను మా షాపులోనే లేడు" అని అవతలివాళ్లు అంటే ఇవే నోరు మూయిస్తాయి.

ఇంజంక్షన్ గురించి ఒక అపోహ ఉంది. బెదిరింపులు మొదలవగానే దావా వేస్తే కోర్టు సాధారణంగా "చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించకూడదు" అని ఆర్డర్ ఇస్తుంది. కిరాయిదారు దాన్ని లామినేషన్ చేయించి గల్లా వెనక తగిలిస్తాడు, ఇక తనను ఎవరూ కదిలించలేరని. ఆ వాక్యంలో "చట్టప్రకారం తప్ప" అనే ముక్క ఓనర్ కోసం ఉంది. ఓనర్ నోటీసు ఇచ్చి ఎవిక్షన్ దావా వేస్తే ఈ ఇంజంక్షన్ అడ్డు రాదు. అది గూండాలను ఆపుతుంది, తీర్పు అమలు చేయడానికి వచ్చే కోర్టు అమీనాను ఆపదు.

దీనికంటే పెద్ద అపోహ 12 ఏళ్లది. "12 ఏళ్లు దాటితే షాపు మనదైపోతుందట కదా" అని చాలా సీరియస్‌గా అడుగుతారు. కిరాయిదారుగా లోపలికి వచ్చినవాడు 12 కాదు, 50 ఏళ్లున్నా కిరాయిదారే. కిరాయికి ఇచ్చినవాడి హక్కును కిరాయిదారు కాదనకూడదు అన్నది సాక్ష్య చట్టంలో పాత సూత్రం, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అది ఉంది. ఎవరో చెప్పారని "షాపు మీదే కాదు" అని జవాబు రాయిస్తే, రెంట్ కంట్రోల్ చట్టంలో అదే ఖాళీ చేయించడానికి ఒక కారణం. ఒక పెద్దమ్మ కేసు చూశాను. భర్త పోయారు, ఒక్క షట్టర్ కిరాయే ఆమెకు ఆధారం. కిరాయిదారు కిరాయి ఆపి, "అసలు నీ పేరు మీద కాగితం ఎక్కడుంది" అని ఎదురు తిరిగాడు. ఆమె బీరువాలో నుంచి గుడ్డ మూటలో కట్టిన పాత కిరాయి పుస్తకం తెచ్చింది, ప్రతి నెలా ఆ కిరాయిదారు సంతకం, తేదీ. "మీ పెదనాన్న నెల నెలా రాయించుకునేవాడు బిడ్డా, నాకు చదువు రాదు" అంది. కిరాయిదారు వకీలు ఆ పుస్తకం ఒకసారి తిరగేసి పక్కన పెట్టేశాడు. ఆమె ఒక్క రోజు కూడా షట్టర్ దగ్గరికి పోయి గొడవ చేయలేదు, కేసంతా ఆ పుస్తకం మీదే నడిచింది, ఆమె గెలిచింది.

మిగతావి గబగబా చెబుతాను. కిరాయిదారు చనిపోతే షాపు కిరాయిదారీ వారసులకు వస్తుందని 1985లో జ్ఞాన్‌దేవి ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకని నాన్న పోయిన మర్నాడే ఓనర్ తాళం అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. అన్నదమ్ముల్లో ఎవరు నడపాలన్నది మాత్రం ముందే కాగితం మీద తేల్చుకోండి, ఆ గొడవలో ఓనర్ ఒకరి పక్షం చేరి షాపు లాక్కున్న సందర్భాలు ఉన్నాయి. ఓనర్ షాపు అమ్మేస్తే కొన్నవాడు కొత్త ఓనర్ అవుతాడు, మీ కిరాయిదారీ పోదు. పాతదని మున్సిపాలిటీ కూల్చేసినా షాపు పోయింది కాబట్టి కిరాయిదారీ పోయినట్టే అనుకోవద్దు, 2014లో షా రతన్‌సీ ఖిమ్‌జీ కేసులో కింద స్థలం ఉన్నంతవరకు కిరాయిదారీ ఉంటుందని తేల్చారు. లాక్‌డౌన్‌లో షాపు మూసి ఉంది కాబట్టి కిరాయి మాఫీ అనుకున్నవాళ్లు కూడా చాలామంది; 2020 మేలో ఢిల్లీ హైకోర్టు ఖాన్ మార్కెట్ షాపు కేసులో, అగ్రిమెంట్‌లో అలాంటి షరతు లేకుండా మాఫీ అడగలేరని, గడువు కాస్త పెంచడం వరకే అని చెప్పింది.

చివరగా ఖాళీ చేసే రోజు గురించి, ఎందుకంటే అంతా సవ్యంగా జరిగాక కూడా గొడవ మళ్లీ ఇక్కడ పుడుతుంది. అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేదని కిరాయిదారు తాళం చెవులు దగ్గర పెట్టుకుంటాడు. సామాను తీసేశాను కదా, ఖాళీ చేసినట్టే అనుకుంటాడు. చెవులు ఇవ్వనంత కాలం స్వాధీనం మీ దగ్గరే ఉందని, కిరాయి నడుస్తూనే ఉందని అవతలివాళ్లు లెక్క కడతారు, అడ్వాన్స్ అంతా అందులోనే కలిసిపోతుంది. కాబట్టి ఒక తెల్ల కాగితం మీద ఫలానా తేదీన షాపు ఖాళీ చేసి తాళం చెవులు అప్పగించాను, కరెంటు మీటర్ రీడింగ్ ఇంత, అడ్వాన్స్‌లో రావాల్సింది ఇంత అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో కాపీ తీసుకోండి. ఓనర్ సంతకం పెట్టనంటే, చెవులు తీసుకోనంటే, ఖాళీ షాపు ఫొటోలు తీసి, చెవులు ఫలానా వకీలు ఆఫీసులో ఉన్నాయి వచ్చి తీసుకోండి అని అదే రోజు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, వాట్సాప్‌లో కూడా పెట్టండి. అడ్వాన్స్ కోసం విడిగా దావా వేసుకోవచ్చు, దానికి 3 ఏళ్ల టైము ఉంది.

మీ అగ్రిమెంట్ కాపీలు కామెంట్లలో పెట్టకండి, అందులో ఆధార్ నంబర్లు కూడా ఉంటున్నాయి. సందేహం రాస్తే చాలు, నాకు తెలిసినంత చెబుతాను, తెలియనిది సార్‌ను అడిగి చెబుతాను.